మా గోడకి అవతలి వైపు

జనవరి 6

మా గోడ మీద బొమ్మ వేస్తారట. ఇంట్లో గోడ కాదు. ఈ మేడకి పడమటి పక్కన, కిటికీ అన్నది లేకుండా కింది నుంచి పైదాకా బోడిగా నిలబడి ఉంటుందే, అది. మా మంచం ఆ గోడకే ఆనించి ఉంటుంది. అంటే రాబోయే బొమ్మకీ మా ఆవిడ వీపుకీ మధ్య అడ్డం జానెడు ఇటుక.

ఊరి పాత పనులన్నిటినీ గోడలకెక్కిస్తున్నారు. ఏ వీధిలో ఏ పని సాగిందో ఆ వీధి గోడ మీద ఆ బొమ్మ. మాది లాండ్రీల వీధి గనక మాకు లాండ్రీ. ఈ కబురు తెచ్చింది మా బామ్మర్ది. కింద ఇస్త్రీ కొట్టు వాడిదే. కబుర్లు కూడా ఇస్త్రీ చేసే ఇస్తాడు, ఎక్కడా ముడత ఉండదు.

"అక్కా, బొమ్మ పూర్తయ్యాక నువ్వు కిందికి దిగి చూడాల్సిందే. నిన్ను నేను దింపుతా."

మా ఆవిడ కాళ్ళమీది దుప్పటి అంచు సరిచేసుకుంది.

మెట్ల మీద పడి విరిగిన ఆవిడ తుంటి ఎముక అతికి చాలాకాలమైంది. ఎముకల డాక్టరు ఫిల్ము దీపానికి పట్టి చూపించి, "ఎముక తన పని తాను చేసింది, ఇక చెయ్యాల్సింది ఈవిడే" అన్నాడు. మెట్లు దిగడం మొదలుపెట్టకపోతే కొన్నాళ్ళకి మంచం దిగడం కూడా మానేస్తుందన్నాడు. మెట్ల మీద పడిన మనిషి మళ్ళీ మెట్ల వైపు చూడదు. మంచం నుంచి వంటగది, వంటగది నుంచి మంచం, అదీ గోడ పట్టుకుని. ఆ రోజు ఆ చప్పుడు విన్నవాణ్ణి, నేను బలవంతం చెయ్యను.

ఇంట్లో ఉంటే ఏం తక్కువైంది? బయట ఏముందో నేను రోజూ చెబుతూనే ఉన్నానుగా.

జనవరి 8

మా గోడకి ఏం రాబోతోందో తెలుసుకుందామని గాజు పనివాళ్ళ వీధికి వెళ్ళాను. అక్కడి గోడ పూర్తయింది. మలుపు తిరిగానో లేదో, నోరు తెరిచినవాణ్ణి మూయడం మరిచిపోయాను.

ఒక మనిషి. తల ఒక్కటే రెండంతస్తులు. బుగ్గలు పొంగించి గొట్టంలోకి ఊదుతున్నాడు. మెడ నరాలు కొబ్బరితాళ్ళంత ఉన్నాయి. గొట్టం చివర గాజు బుడగ ఉండాలా? అక్కడ బొమ్మ లేదు. ఆ మేడకి ఎప్పుడో కట్టిన గుండ్రటి కిటికీ ఉంది. పొద్దు వాలేసరికి ఎండ తిన్నగా ఆ అద్దం మీద పడింది. గోడంతా చల్లబడుతుంటే ఆ బుడగ ఒక్కటీ నిప్పుముద్దలా వెలిగింది. రోడ్డు మీద నడిచేవాళ్ళు నిలబడిపోయారు. నా పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన, ఎవరో ఏమిటో తెలియదు, నా మోచెయ్యి పట్టుకున్నాడు. నేనూ వదిలించుకోలేదు. కాసేపటికి ఎండ జారిపోయింది, బుడగ ఆరిపోయింది, ఇద్దరం సిగ్గుపడి ఎవరి దారిన వాళ్ళం పోయాం.

వచ్చి మా ఆవిడకి చెప్పాను. చెబుతూ చెబుతూ, ఆ బుడగ చుట్టూ ఒక పక్షి మూడు చుట్లు తిరిగి లోపలికి దూరబోయి ముక్కు కొట్టుకుందని కూడా చెప్పాను. పక్షి నేను కలిపింది. కొంచెం గంజి లేకపోతే చొక్కా నిలబడదు.

"ముక్కు విరిగిందా?" అంది.

"వంకరపోయింది."

నవ్వింది. పడ్డాక ఆవిడ అంతగా నవ్వడం ఇదే మొదలు.

జనవరి 11

అచ్చు పనివాళ్ళ వీధి. గోడ నిండా సీసపు అక్షరాలు, ఒక్కొక్కటీ తలుపంత. అన్నీ తిరగేసి ఉన్నాయి, అచ్చులో పేర్చేటప్పుడు ఉన్నట్టే. చదవాలంటే ఎలా? ఎదురుగా ఉన్న క్షౌరశాల వాడు తన చేతి అద్దాన్ని గుమ్మంలో మేకుకి తగిలించాడు. జనం వరసకట్టి, గోడకి వీపు పెట్టి, అద్దంలో చూసి చదువుకుంటున్నారు. ఆ వీధిలో పనిచేసిన వాళ్ళ ముద్దుపేర్లట అవన్నీ. ఒక ముసలామె అద్దంలో వాళ్ళాయన పేరు చదువుకుని, అద్దాన్ని పైటతో, అబ్బే కాదు, రుమాలుతో తుడిచి పక్కవాళ్ళకి చోటిచ్చింది.

నేను బడిలో చదువుకున్నవాణ్ణి కాదు. లాండ్రీకి వచ్చే చొక్కాల జేబుల్లో మిగిలిపోయిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. మందుల చీటీలు, సినిమా టిక్కెట్లు, ఒకసారి సగం ప్రేమలేఖ. అందుకే ఈనాటికీ నా చదువు ఎక్కడ మొదలుపెట్టినా సగంలో ఆగిపోతుంది. ఆ గోడ ముందు మాత్రం చివరి పేరుదాకా చదివాను. రెండుసార్లు వరసలో నిలబడ్డాను.

ఆవిడకి చెప్పాను. అద్దంలో నా పేరు కూడా కనబడిందని చెప్పాను.

"నువ్వెప్పుడు అచ్చు పని చేశావయ్యా?"

"అదే నాకూ ఆశ్చర్యం."

జనవరి 14

మా గోడకి బొమ్మ వేసే అమ్మాయి వచ్చింది. బుట్ట ఉన్న బండి ఒకటి తెచ్చింది. ఆ బుట్టలో నిలబడితే బండి చెయ్యి చాచి పైకి ఎత్తుతుంది. అమ్మాయి బక్కగా, ఎత్తుగా, ఎప్పుడు చూసినా ఎక్కడికో ఎక్కి ఉంటుంది. వీధి అంతా కలిసి నిచ్చెన అని పేరు పెట్టేశారు. ఆ పేరుకి పలుకుతోంది కూడా.

రాత్రికి పడుకునే ముందు మా ఆవిడ గోడకి చెవి ఆనించి, "ఏమీ వినబడటం లేదేం?" అంది. ఇంకా మొదలెట్టలేదు, అడుగు పూత ఎండాలట అన్నాను.

జనవరి 16

వెధవ పని జరిగిపోయింది. వివరంగా రాసుకుంటే తప్ప నిద్ర పట్టదు.

తెల్లారి పాల కోసం దిగాను. చూద్దును కదా, మా గోడ నిండా పిచ్చి గీతలు! సున్నాలు, కొక్కేలు, చేపలాంటిదొకటి, దానికి పక్కన చెప్పులాంటిదొకటి, అర్థం పర్థం లేకుండా, బొగ్గుతో, నీలి రంగుతో. కింది నుంచి పైదాకా. ఎవడో తుంటరి వెధవ ఆ అమ్మాయి గోడని పాడుచేసి పోయాడనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

నా జీవితమంతా మరకలు తీయడమే నా పని. తుప్పు, సిరా, నెత్తురు, టీ, దేనికి ఏ మందో వేళ్ళకే తెలుసు. మరకని చూసి ఊరుకోవడం అన్నది నాకు చేతకాదు. బామ్మర్దిని లేపాను. వాడు ఇంకో ఇద్దరిని లేపాడు. సోడా నీళ్ళు కాచాం. పొడుగు కర్రలకి బ్రష్షులు కట్టాం. ఈ వీధిలో పుట్టినవాడెవడికైనా మరకంటే పౌరుషం. ఆడా మగా బకెట్లతో వచ్చేశారు. ఎప్పుడో మూతబడిన లాండ్రీల వాళ్ళు కూడా, మోకాళ్ళ నొప్పుల వాళ్ళు కూడా. ఎన్నాళ్ళకో ఆ వీధిలో మళ్ళీ సబ్బు నురగ పారింది. బ్రష్షు అందినంత మేరా గోడని ఉతికి ఆరేశాం. నేనే ముందుండి, "ఆ చేప తోక దగ్గర ఇంకొంచెం!" అని కేకలు కూడా పెట్టాను.

నిచ్చెన సైకిలు దిగింది. మా వైపు చూసింది, గోడ వైపు చూసింది. సైకిలు దానంతటదే పడిపోయింది.

"తాతగారూ... ఏం చేశారు?"

"నువ్వేం దిగులు పడకమ్మా. కింద అంతా తీసేశాం. పై భాగానికి నీ బుట్ట ఒకసారి ఇచ్చావంటే..."

"అవి నేను గీసినవే తాతగారూ!"

అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. కాలిబాట అంచున కూర్చుని మెల్లగా చెప్పింది. అంత పెద్ద గోడ ముందు నిలబడితే ఏది ఎక్కడో కంటికి అందదట. అందుకని ముందు, రాత్రి రోడ్డు ఖాళీ అయ్యాక, గోడ నిండా తోచిన గీతలన్నీ గీసి, తెల్లారాక దూరం నుంచి ఫొటో తీసి, ఫోనులో ఆ ఫొటో మీద తన బొమ్మని పరుస్తుందట. ఏ సున్నా పక్కన వేలు రావాలో, ఏ చేప తోక మీద మడత పడాలో అప్పుడు తెలుస్తుందట. మేం ఉతికిపారేసింది మరక కాదు, ఆ పిల్ల దారి.

వీధి అంతా బకెట్లు పట్టుకుని నిలబడిపోయింది. మా బామ్మర్ది ఒక్కడే నోరు విప్పాడు: "పోనీలే బావా, గోడ మాత్రం తెల్లగా వచ్చింది."

పైకి వచ్చి జరిగింది చెప్పాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"కావాలనే చేశావు."

"నేనా? నాకేం అవసరం?"

"నీకే తెలియాలి."

ఏమిటో ఆవిడ మాటలు. మంచం మీద ఒక్కతే ఉండి ఉండి లేనిపోనివి ఆలోచిస్తోంది.

జనవరి 17

కావాలని చెయ్యలేదు.

జనవరి 19

నిచ్చెన మళ్ళీ మొదటి నుంచి గీతలు గీసింది. ఈసారి కాపలాకి నేనే కూర్చున్నాను. గీతల మీద చెయ్యి వేస్తే ఊరుకోనని వీధి అంతటికీ చెప్పాను. "నీ చేతులు నీ జేబులో పెట్టుకో బావా, మిగతావాళ్ళని నేను చూసుకుంటా" అన్నాడు బామ్మర్ది.

సాయంత్రం ఆ అమ్మాయిని టీకి పైకి పిలిచాను. నేను చేసినదానికి జరిమానా లాంటిది. వచ్చి మా ఆవిడ పక్కన మంచం మీదే కూర్చుంది.

"అమ్మమ్మా, పెద్ద దుప్పటి ఇద్దరు మడత పెడతారు కదా, అదెలాగో చూపిస్తారా? ఫొటోల్లో చూశాను గానీ అర్థం కాలేదు."

ఆవిడ చేతులతో గాలిలో చూపించింది. తనకే నచ్చలేదు. నా వైపు తిరిగి, "ఏమయ్యా, చూస్తావేం, ఆ పెద్ద దుప్పటి తియ్యి" అంది. తీశాను. రెండు కొసలు తను పట్టుకుంది, రెండు కొసలు నేను పట్టుకున్నాను. గట్టిగా జాడిస్తే ఫట్‌మంది. ఎన్నేళ్ళయిందో ఆ చప్పుడు ఈ గదిలో విని! లాండ్రీలో మేం మాట్లాడుకున్నదంతా దుప్పటి మడతల మధ్యే. దగ్గరికి వచ్చినప్పుడు ఒక మాట, కొసలు అందించి వెనక్కి పోయేటప్పుడు ఇంకో మాట. పెద్ద గొడవలైతే రెండు మూడు దుప్పట్లు పట్టేవి.

బిగించి లాగింది. నా చేతుల్లోంచి జారిపోయింది. "ముసలాడివైపోయావు" అంది. మళ్ళీ పట్టుకున్నాను. దగ్గరికి వచ్చింది, నా వేళ్ళలోంచి కొసలు అందుకుంది, వెనక్కి వెళ్ళింది, వంగి మడత అందుకుంది, మళ్ళీ వచ్చింది. నిచ్చెన మూలన నిలబడి ఫొటోలు తీస్తూ తీస్తూ ఆపేసింది.

"అమ్మమ్మా, మీరు గోడ పట్టుకోలేదు."

ఆవిడ తన కాళ్ళ వైపు చూసుకుంది. గది మధ్యలో ఉంది. మెల్లగా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. మొహం ఎర్రబడింది.

దుప్పటి పట్టుకుంది కదా అన్నాను నేను. గోడ కాకపోతే దుప్పటి, ఏదో ఒకటి పట్టుకున్నట్టే. ఇద్దరిలో ఒక్కరూ నా మాట వినలేదు.

జనవరి 20

ఈరోజు ఇంకో నాలుగు దుప్పట్లు మడత పెడదాం రమ్మంది. అన్నీ మడత పెట్టి ఉన్నవే.

జనవరి 23

గోడ అవతల పని మొదలైంది. రోలరు గీసుకుంటున్న చప్పుడు ఇవతలికి వినబడుతోంది, పిల్లి గోడకి ఒళ్ళు రుద్దుకుంటున్నట్టు. మా ఆవిడ దిండు తీసేసి వీపుని తిన్నగా గోడకి ఆనించి కూర్చుంటోంది. "ఇప్పుడు ఇక్కడ వేస్తోంది" అని భుజం చూపిస్తుంది. "ఇప్పుడు కిందికి దిగింది." ఒకసారి వేలి కణుపుతో గోడ మీద కొట్టింది. అవతలి నుంచి టకటక జవాబు వచ్చింది. చిన్నపిల్లలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎలా వస్తోందయ్యా?"

"ఏముంది, ఒక దుప్పటి. తెల్లటి దుప్పటి."

"అంతేనా?"

"దుప్పటిలో ఇంకేం ఉంటుంది?"

జనవరి 25

నేను కింద మా గోడ ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. ఎండ నెత్తి మీదికొచ్చాక బామ్మర్ది వచ్చి నీడలోకి లాక్కుపోయాడు.

పైకి వచ్చాక ఆవిడ అడిగింది. అలాగే ఉంది, ఇంకా సగమే, రంగు సరిగా అంటడం లేదు అన్నాను. గాజు వాళ్ళ గోడే మనదానికంటే బాగుందన్నాను.

ఇంకో సంగతి. ఆవిడ అరికాళ్ళకి బూడిద రంగు దుమ్ము అంటి ఉంది. వంటగదిలో సున్నం రాలుతున్నట్టుంది, చూడాలి.

జనవరి 26

వంటగదిలో సున్నం రాలడం లేదు.

మరకని చూసి అది ఏ ఊళ్ళో ఎవరింట్లో అంటిందో చెప్పగలవాణ్ణని నాకు పేరు. ఆ దుమ్ము సంగతి మాత్రం నాకు తెలియలేదు. కళ్ళు మందగిస్తున్నాయి.

జనవరి 28

బామ్మర్ది మధ్యాహ్నం పూట కొట్టు మూసి ఎక్కడికో పోతున్నాడు. ఆ వేళకి నిచ్చెన కూడా బుట్టలో ఉండదు. భోజనానికి అంటారు ఇద్దరూ. మా ఆవిడ నన్ను రోజూ ఆ వేళకి బయటికి తరుముతోంది. "పడవల వాళ్ళ గోడ చూడలేదుగా, వెళ్ళి చూసి రా, వచ్చి చెబుదువుగాని." ఎంత శ్రద్ధో నా కబుర్లంటే.

జనవరి 30

పడవల వాళ్ళ గోడ నుంచి తిరిగొస్తున్నాను. వంతెన కింద ఉంది అది. నీళ్ళ మీది వెలుగు ఎగిరి గోడ మీద పడుతుంటుంది, దానితో బొమ్మలో పడవ నిజంగా ఊగుతుంది. తెడ్డు వేసే మనిషి చెమట కూడా కదిలింది. దారి పొడుగునా ఆవిడకి ఎలా చెప్పాలో కూర్చుకుంటూ వచ్చాను. తెడ్డు దెబ్బకి నా చొక్కా తడిసిందని చెబుదామనుకున్నాను. నమ్మకం కోసం కుళాయి దగ్గర భుజం కాస్త తడుపుకున్నాను కూడా.

వెనక సందులోంచి వచ్చి, గోడ వైపు పోకుండానే మెట్లెక్కాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. మంచం ఖాళీ. దుప్పటి మడత పెట్టి ఉంది. వంటగది ఖాళీ.

పిలిచాను. ఆ గదిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇప్పుడే ఎక్కి వచ్చిన మెట్లే, అయినా మళ్ళీ అటు తొంగి చూడలేకపోయాను. కింద ఏం కనబడుతుందో అని. ఎందుకో తెలియదు, వెళ్ళి మంచం ఎక్కి గోడకి చెవి పెట్టాను.

గోడ అవతల ఆవిడ నవ్వుతోంది.

మెట్లు ఎలా దిగానో గుర్తు లేదు. రోడ్డుకి అటువైపు, కాలిబాట మీద, బామ్మర్ది ఇస్త్రీ కొట్టు స్టూలు మీద కూర్చుని ఉంది. ఒక పక్క బామ్మర్ది, ఇంకో పక్క నిచ్చెన, ఒంటి నిండా రంగుతో. నన్ను చూసి బామ్మర్ది అన్నాడు: "కూర్చుని దిగింది బావా. ఒక్కో మెట్టూ కూర్చుని, జరిగి, కూర్చుని. మొదటి రోజు ఒక్క మెట్టే. ఈ రోజు చివరిదాకా వచ్చేసింది. నిన్ను భయపెట్టొద్దని నీకు చెప్పలేదు."

"నన్ను భయపెట్టొద్దని?"

"మరి, అక్కకి భయం పోయి వారమైందిగా."

నేను ఆవిడ పక్కన కాలిబాట మీద కూలబడ్డాను. ఆవిడ నా వైపు చూడలేదు. నేనూ ఆవిడ చూస్తున్నవైపే చూశాను.

అప్పుడు చూశాను దాన్ని. రోజూ చూస్తూనే ఉన్నాను, నిజమే. కానీ అప్పుడే చూశాను.

మేడంత దుప్పటి. ఈ కొసన రెండు ముసలి చేతులు, ఆ కొసన రెండు ముసలి చేతులు, అంతే, మనుషులు లేరు. ఆ చేతుల్లో సోడా తిన్న గోళ్ళున్నాయి, ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలున్నాయి. వాటి మధ్య తడి దుప్పటి బిగించి పట్టి ఉంది. తెలుపు అంటే ఒక తెలుపా! నీలి మందు తెలుపు, పాత బట్ట తెలుపు, ఎండ తగిలిన తెలుపు, నీడలో బూడిద తెలుపు. దుప్పటి వెనక సూర్యుడున్నాడు. తడి బట్టలోంచి వెలుగు ఇవతలికి వస్తోంది, ఆ వెలుగులో, పల్చగా, నీడలు. మా వీధి. ఇప్పటిది కాదు, అప్పటిది. ఈ చివర నుంచి ఆ చివరదాకా తాళ్ళు, తాళ్ళ మీద బట్టలు, బట్టల కింద నుంచి తల వంచుకుని పరిగెత్తే పిల్లలు, బకెట్టు చంకన పెట్టుకున్న ఆడవాళ్ళు. ఎవరి మొహమూ లేదు, కానీ ఎవరి నడక ఎవరిదో ఈ వీధిలో వాళ్ళకి తెలిసిపోతుంది. ఎక్కువమంది ఇప్పుడు లేరు. ఒక మబ్బు పోయింది, అసలు ఎండ గోడ మీద పడింది. దుప్పటి కదిలింది. నేను ఒట్టు వేసి చెబుతాను, కదిలింది. ఇందులో గంజి లేదు.

ఇక తిట్టడం మొదలుపెడుతుందని నేను ఎదురుచూస్తున్నాను. ఇన్నేళ్ళ నా కోతలన్నీ బయటపడే రోజు వచ్చిందనుకున్నాను.

"నువ్వు చెప్పేవన్నీ సగం అబద్ధాలనుకునేదాన్ని" అంది.

"సగం కాదులే, కొంచెం ఎక్కువే."

"ఊరంతా ఉన్న గోడలన్నిటికీ ఉన్నదానికంటే ఎక్కువ చెప్పావు." ఇప్పుడు నా వైపు తిరిగింది. "దీనికి మాత్రం తక్కువ చెప్పావు. ఎందుకూ?"

ఎందుకన్నది ఈ డైరీకి కూడా నేనెప్పుడూ చెప్పలేదు. మెట్ల మీద ఆ చప్పుడు, అదొకటి. రెండోది, నువ్వు దిగిపోతే నా కోసం ఎదురుచూసేవాళ్ళెవరు? బయటినుంచి ఏమైనా పట్టుకొస్తే అందుకోవడానికి ఆ మంచం మీద ఒక మనిషి ఉండాలని... ఇవేవీ నోటికి రాలేదు. రాకపోయినా ఆవిడకి అందినట్టే ఉంది. లాండ్రీలో కూడా అంతే, కొసలు చేతికిస్తే చాలు, మిగతా మడత తనే వేసుకునేది.

నా చొక్కా భుజం పట్టుకుని చూసింది. "ఇదేమిటి, తడిసింది?"

"చెమట" అన్నాను.

ఇంత చప్పటి అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు. ఆవిడ నమ్మలేదు.

జనవరి 31

తీరిక లేదు, రాయలేను. ఆవిడ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి పిలుస్తోంది.